టన్నుగారు రాత్రికి రాత్రి తగ్గిన ఇరవై కేజీలు

ఎదుటివాడు తుమ్మితే చాలు, తాను ఒకప్పుడు అంతకంటే పెద్ద తుమ్ము తుమ్మాననీ, ఆ దెబ్బకి పక్కింటి తలుపులు ఊడొచ్చాయనీ చెప్పకపోతే మా టన్నుగారికి ఆ పూట తిన్నది అరగదు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. లారీల కాటా నడుపుతాడు, నోరు తెరిస్తే టన్నుకి తక్కువ మాట రాదు. అందుకని మేమంతా టన్నుగారనే పిలుస్తాం. ఆయన అది బిరుదనుకుంటాడు. అనుకోనీ, మనదేం పోయింది!

కాటా అంటే కూరగాయల కొట్లో వేలాడేది కాదండోయ్. రోడ్డు పక్కన నేలలో దించిన పెద్ద ఇనప పలక. లారీ దాని మీదికి ఎక్కి నిలబడితే గది గోడ మీదున్న బోర్డులో ఎర్రటి అంకెలు పడతాయి. ఆ అంకెలు చూసి, చీటీ కొట్టి, కిటికీలోంచి అందించడం టన్నుగారి ఉద్యోగం. కిటికీ కింద ఓ బల్ల, బల్ల ముందు టీ పెద్దమ్మ పొయ్యి, ఆ పక్కన నా పంక్చర్ల కొట్టు. లారీకీ లారీకీ మధ్య మాకు దొరికే వినోదం ఆ కిటికీలోంచే వస్తుంది.

ఆ రోజు పొద్దున్న కాటా ఖాళీగా ఉంది. టన్నుగారి చెల్లెలి మొగుడు వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. ఆయనా లారీ డ్రైవరే. పాపం, మంచి మనిషి.

“పెద్దమ్మా, రెండు చెంచాల పంచదార వేసి టీ ఇవ్వు. వెన్న రాసిన బన్ను కూడా” అన్నాడు.

పెద్దమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ఏడాదిగా ఆ మనిషి ఆవిడ దగ్గర వేడినీళ్లు తప్ప తాగింది లేదు. “ఒంట్లో బాగానే ఉందా నాయనా?”

“బాగానే ఉంది. మానేశానంతే. ఉడకేసిన క్యాబేజీ తినలేను, పొద్దున్నే లేచి పరిగెత్తలేను. రేపు డాక్టరు దగ్గరికీ వెళ్లను. లారీ వేరేవాడికి ఇచ్చుకోమని ఓనరుతో చెప్పేశా.”

మీకు ఆ సంగతి తెలీదు కదూ, చెప్తాను. పోయినేడు ఈయనకి స్టీరింగు ముందు కునుకు పట్టి, లారీ పోయి పోయి ఇసక కుప్పలో దూరింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఓనరు భయపడి డాక్టరుకి చూపించాడు. మెడ చుట్టూ కొవ్వు పేరుకుని నిద్రలో ఊపిరి ఆగిపోతోందట, రాత్రి సరిగా నిద్ర లేక పగలు తూలుతున్నాడట. బరువు తొంభై అయిదు లోపుకి వస్తేనే బండి ఎక్కనిస్తానన్నాడు డాక్టరు. డాక్టరు సంతకం లేకపోతే తాళం ఇవ్వనన్నాడు ఓనరు. అప్పట్నుంచి ఇంకొకడి పక్కన క్లీనరుగా కూర్చుని, టార్పాలిన్లు కడుతూ, సగం జీతానికి నెట్టుకొస్తున్నాడు. నోరు కట్టుకున్నాడు, చెమటోడ్చాడు. నూటయిరవై ఉన్న మనిషి వందకి దిగాడు. దిగి, అక్కడే ఆగిపోయాడు. ఎన్ని చేసినా వందే. రోజూ మా కళ్లముందే ఇనప పలక మీద నిలబడేవాడు, బోర్డు మీద వంద పడేది, తలొంచుకుని దిగేవాడు.

“ఏం తగ్గట్లేదు బావా” అన్నాడు కిటికీ వైపు చూసి. “నా ఒళ్లు మొరాయించేసింది.”

కిటికీలోంచి ఓ నవ్వు వచ్చింది. చూడకుండానే చెప్పగలను, ఆ నవ్వు నవ్వేటప్పుడు టన్నుగారి కళ్లు సగం మూసుకుంటాయి, గడ్డం పైకి లేస్తుంది.

“మొరాయించిందట! వింటున్నావటోయ్ పంక్చరూ, మా బావగారి ఒళ్లు మొరాయించిందట. ఒళ్లు మొరాయిస్తే మనిషన్నవాడు ఏం చెయ్యాలి? బన్ను తినాలా? ఛీ! నా బరువు ఆగినప్పుడు నేను ఏం చేశానో తెలిస్తే నువ్వు ఆ బన్నుని కళ్లతో కూడా చూడవు.”

“తెలుసు, నువ్వు చెప్తావనీ తెలుసు” అంది పెద్దమ్మ.

“చెప్పకపోతే నేర్చుకునేదెలా పెద్దమ్మా ఈ జనం? నాదీ అచ్చం బావ కథే. టీలో పంచదార మానేశాను, కాటా చుట్టూ పొద్దునా సాయంత్రం నడిచాను, నూటయిరవై నుంచి వందకి వచ్చాను. అంతవరకూ ఎవడైనా చేస్తాడు, అందులో గొప్పేం లేదు. ఆ తర్వాత మొదలైంది అసలు తమాషా. వంద దగ్గర బోర్డు బిగుసుకుపోయింది. మేకు కొట్టినట్టు! సరే, డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, దీన్ని ప్లాటో అంటారండీ, పీఠభూమి లాంటిది, తక్కువ తిండితో నెట్టుకురావడం ఒంటికి అలవాటైపోయింది, వ్యాయామం కాస్త మార్చండి, కంటినిండా నిద్రపోండి, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టాలట! ఓపిక పట్టడం చేతకాకే కదయ్యా నీ దగ్గరికి వచ్చింది? పీఠభూమి గురించి నేను చిన్నప్పుడే భూగోళం పాఠంలో చదివాను, నువ్వు నాకు కొత్తగా చెప్పేదేంటి అని ఆయన మొహం మీదే అనేసి లేచొచ్చాను. ఆ తర్వాత ఆయన బోర్డు తిప్పేశాడని విన్నాను.”

“ఏ డాక్టరు? చౌరస్తాలో ఆయనేనా? నిన్న కూడా నా మోకాలు చూశాడే” అంది పెద్దమ్మ.

“అది వేరే ఆయన. మాట మధ్యలో మోకాళ్లు పెట్టకు. ఎక్కడున్నాను? ఆఁ, వ్యాయామశాల. అక్కడొకడున్నాడు, గుమ్మడికాయల్లాంటి భుజాలు, చొక్కా వాడిదో వాడి తమ్ముడిదో తెలీనంత బిగుతు. వాడు నన్ను ఎగాదిగా చూసి, అంకుల్ మీరు మెల్లగా మొదలుపెట్టండి అన్నాడు. అంకులట! నేను పరుగు మిషనెక్కాను. ఎక్కి పరిగెత్తాను. పరిగెత్తితే ఆ మిషను కింద పట్టా వేడెక్కి పొగలొచ్చింది, పొగలొస్తే ఆపేవాణ్ణి కాదుగా, ఇంకా పరిగెత్తాను. ఆఖరికి ఏమైందో తెలుసా? పట్టా అరిగిపోయింది, దాని కింద చప్టా అరిగిపోయింది, నా కాళ్లు కింది అంతస్తులో మంగలి షాపులోకి దిగిపోయాయి. గడ్డం గీయించుకుంటున్నాయన పైకి చూసి, ఎవరివీ కాళ్లు అని అడిగాడు. కాళ్లు ఆగితే కదా జవాబు చెప్పడానికి!”

డ్రైవరు నవ్వలేదు. బన్ను చేతిలోనే ఉంది, ఇంకా కొరకలేదు.

“ఇంత చేసి వచ్చి కాటా ఎక్కితే ఎంత?” అన్నాను నేను, కాస్త ఎగదోద్దామని.

“వంద! అదీ పంక్చరూ, అదీ నా బాధ. అప్పుడు తిండి మీద పడ్డాను. మా బావ లాగా క్యాబేజీ, క్యారెట్టు అంటూ విందులు చెయ్యలేదు. పూటకో దోసకాయ. తర్వాత పూటకో ముక్క. తర్వాత ముక్క తినడం కూడా మానేసి దాన్ని ఎదురుగా పెట్టుకుని నమిలినట్టు నోరాడించేవాణ్ణి. వంటింట్లో చీమలుంటాయి చూడు, అవి మా ఇంట్లో ఏం దొరకడం లేదని మూటాముల్లే సర్దుకుని వరసగా గుమ్మం దాటి వెళ్లిపోయాయి. చివర్లో వెళ్తున్న ముసలి చీమ ఆగి, వెనక్కి తిరిగి నన్ను చూసి, నోట్లో ఉన్న పంచదార పలుకు నా ముందు పెట్టి వెళ్లింది.”

“తిన్నావా?” అంది పెద్దమ్మ.

“తింటానా! దాని వెంట పరిగెత్తుకెళ్లి తిరిగిచ్చాను. అదీ నిగ్రహం అంటే. నువ్వు నేర్చుకోవాల్సింది అది బావా. ఆఁ, మరి అంతటితో అయిందా? కాలేదు. నడక పెంచాను. ఎంత నడిచానంటే నా నీడ నాతో రాలేక గోడ పక్కన కూర్చుండిపోయేది, నేను తిరిగొచ్చేటప్పుడు లేపి తెచ్చుకునేవాణ్ణి. లారీలు లాగే ఇనప గొలుసుంటుందే, దాంతో తాడాట ఆడాను. నాకు పట్టిన చెమట ఈ పలక మీంచి కాలవ కట్టి రోడ్డు మీదికి పోయింది. లారీలవాళ్లు వాన పడుతోందనుకుని టార్పాలిన్లు కప్పుకున్నారు. అయినా ఎంత? వంద!”

“నాకు గుర్తే” అన్నాను. “ఆ నీళ్లలోనే నా కొట్లో ట్యూబులు తేలియాడాయి.”

“ఆఁ! సాక్షి ఉన్నాడు చూశారా!” టన్నుగారు కిటికీలోంచి భుజాలదాకా బయటికి వచ్చేశాడు. నేను ఎగతాళి చేశానని ఆయనకి ఈ జన్మలో తెలీదు.

అప్పుడే బట్టలు కుట్టే చెల్లెమ్మ వచ్చింది. టన్నుగారికి సొంత చెల్లెలు, డ్రైవరుకి పెళ్లాం. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, మిషను మీంచి ఉన్నపళంగా లేచి వచ్చినట్టుంది. మొగుడి చేతిలో బన్ను చూసింది. బల్ల చివర కూర్చుంది.

“రేపు డాక్టరు దగ్గరికి రానన్నారట. మీ ఓనరు ఫోను చేసి చెప్పాడు” అంది.

“ఏం మొహం పెట్టుకుని రాను? వంద దగ్గరే ఉన్నాగా. చూసి చూసి విసుగొచ్చింది.”

“మీ ప్యాంట్ల నడుములు రెండుసార్లు కుట్లు లోపలికి వేశాను.”

“గుడ్డ సాగి ఉంటుంది.”

“గుడ్డ సాగిందో మనిషి తగ్గాడో తెలీకుండానే ఇన్నేళ్లు మిషను తొక్కుతున్నానా నేను?”

“అదుగో, మా చెల్లెలు టేపు పట్టుకొచ్చింది” అన్నాడు టన్నుగారు పైనుంచి. “టేపుకేం తెలుసమ్మా బరువు? గుడ్డముక్క. ఇది అరవై టన్నుల కాటా. బావ మొదట్లో మందుల షాపులో మిషను ఎక్కుతానన్నాడు. నేనే వద్దన్నాను. లారీ తోలేవాడు లారీ కాటా మీద నిలబడాలి కానీ, పసిపిల్లల్ని తూచే బుల్లి మిషను మీద నిలబడటమేంటి, నలుగురూ నవ్వరూ? ఇది కొండల్ని తూచింది. దీనికి ఒక్క బావ ఒక లెక్కా? అది వంద అంటే వందే. సరే, వచ్చావు కాబట్టి నువ్వూ విను. అసలు ఘట్టం ఇప్పుడే.”

చెల్లెమ్మ వింటానన్నట్టు చెయ్యి ఊపింది. ఆవిడకి ఈ కోతలు పుట్టినప్పట్నుంచీ అలవాటే.

“ఓ సాయంత్రం నాకు కోపమొచ్చింది. బోర్డు ముందు నిలబడి, చూడూ, నువ్వో నేనో తేల్చుకుందాం అన్నాను. అప్పుడే ఇక్కడొక సిమెంటు లారీ చెడిపోయి ఉంది, నిండా లోడుతో. నా తువ్వాలు తీసి దాని ముందు కొక్కేనికి ముడేశాను, రెండో కొస నడుముకి కట్టుకున్నాను, లాగాను. ఎక్కడికి అనుకున్నారు? ఆ ఎత్తు రోడ్డు మీదికి. లాగుతుంటే దారిలో ఇంకో చెడిపోయిన లారీ కనబడింది. అయ్యో పాపం అని దాన్నీ తగిలించుకున్నాను. దాని వెనక ఓ బస్సు. బస్సులో జనం నిద్రపోతున్నారు, వాళ్లని లేపడం ఎందుకని అలాగే లాగాను. తెల్లారేసరికి నా వెనక ఎంత పొడుగుందంటే, రైలనుకుని గేటువాడు గేటు వేసేశాడు. అన్నీ వదిలిపెట్టి, మొహం కడుక్కుని, వచ్చి ఈ పలక మీద నిలబడ్డాను. ఏం పడిందో తెలుసా?”

“ఎంత?” డ్రైవరు నోట్లోంచి చిన్నగా వచ్చింది.

“ఎనభై! రాత్రికి రాత్రి ఇరవై కేజీలు! అడుగు పంక్చరుని, అడుగు పెద్దమ్మని, వీళ్లందరూ చూశారు!”

ఇక్కడ మాత్రం నేను నోరు మూసుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే అది నిజం. సిమెంటు లారీ నేనెరగను, బస్సు అసలే ఎరగను. కానీ ఎన్నో నెలలు వంద చూపించిన బోర్డు ఓ పొద్దున్న ఎనభై చూపించడం నేనూ, పెద్దమ్మా కళ్లారా చూశాం. ఆ రోజు టన్నుగారు అందరికీ టీ ఇప్పించాడు కూడా. ఆ మనిషి జీవితంలో అదొక్కటే నిజమైన వింత, దాన్ని ఎలా కొట్టిపారెయ్యాలో మాకెవరికీ తెలీలేదు.

“బోర్డు మీద ఎనభై పడటం నేనూ చూశాను” అన్నాను చివరికి.

డ్రైవరు తల ఇంకా కిందికి దిగింది. “చూశావా” అన్నాడు పెళ్లాంతో. “అందరికీ తగ్గుతుంది. నాకే తగ్గదు.”

“తగ్గదు! ఎందుకు తగ్గుతుంది?” టన్నుగారికి ఊపొచ్చేసింది. “పట్టుదల ఉంటేగా! అందరూ డ్రైవర్లు కాలేరు, అందరూ నేను కాలేరు. నువ్వు ఆ క్లీనరు సీట్లోనే హాయిగా నిద్రపో బావా, అదే నీకు సరైన చోటు. నాకైతే తగ్గడం ఆపడమే కష్టమైపోయింది. ఆ తర్వాత అరవై. తర్వాత నలభై. ఇరవై! మా ఆవిడ నన్ను బట్టల తీగకి క్లిప్పులు పెట్టి ఉంచేది, ఫ్యాను వేస్తే పైకప్పుకి అంటుకుపోతున్నానని. ఓ రోజు కాటా ఎక్కితే సున్నా. మర్నాడు ఎక్కితే సున్నా పక్కన గీత!”

“గీతేంటి?” అంది పెద్దమ్మ.

“మైనస్! సున్నా కంటే కిందికి. అంటే నేను ఎక్కితే కాటాకి బరువు తగ్గుతోందన్నమాట. ఈ సంగతి లారీల ఓనర్లకి పాకింది. లోడు ఎక్కువైన లారీ వస్తే, నన్ను బతిమాలి పైన కూర్చోబెట్టేవారు. నేను కూర్చోగానే ఎక్కువైన లోడంతా మాయం! ఎంత సుఖం చూడు, సరుకు సరుకే ఉంది, బరువు లేదు. ఒకసారి దూదిలారీ మీద కూర్చున్నాను. ముందు చక్రాలు గాల్లోకి లేచిపోయాయి. డ్రైవరు స్టీరింగు వదిలేసి, సార్, నన్నూ నా పిల్లల్నీ కాపాడండి అని ఏడుపు. నేను ఓ గుప్పెడు గులకరాళ్లు జేబులో పోసుకుని బండిని మెల్లగా దించాను.”

“మరి ఇప్పుడు ఆ కిటికీలో పట్టకుండా ఉన్నావేంటి నాయనా?” అంది పెద్దమ్మ.

“అదంతా ఈ పంక్చరు కోసం చేసిన త్యాగం. నేను ఎక్కిన లారీలకి టైర్లు అరగడం మానేశాయి. వీడి కొట్టు ముందు ఈగలు కూడా వాలేవి కావు. వీడి పిల్లల మొహాలు గుర్తొచ్చి, పోనీలే అని మళ్లీ తినడం మొదలుపెట్టాను. ఎనభై దగ్గర ఆగమన్నాను ఒంటిని, ఆగింది. ఇప్పుడు నేను పొద్దున్న మూడు బన్నులు తిన్నా ఎనభయ్యే, తినకపోయినా ఎనభయ్యే. నా మాట దాటే ధైర్యం నా ఒంటికి లేదు!”

నా పిల్లల తరఫున ఓ దండం పెట్టాను. ఏం చెయ్యను మరి.

చెల్లెమ్మ మాత్రం బోర్డు వైపు చూస్తోంది. కళ్లు చిట్లించి, బెత్తెడు గుడ్డలో లంగా ఎలా తియ్యాలా అని ఆలోచిస్తున్నట్టు చూస్తోంది.

“మూడు బన్నులు తిన్నా ఎనభయ్యేనా అన్నయ్యా?”

“ఎనభయ్యే!”

“డెబ్బై తొమ్మిదో, ఎనభై ఒకటో ఎప్పుడూ పడలేదా?”

“అలాంటి చిల్లర అంకెలు నా దగ్గర ఉండవు.”

“అయితే నన్నూ ఓసారి తూచు” అంటూ లేచి, చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లి పలక మధ్యలో నిలబడింది. బోర్డు మీద అరవై పడింది.

“అరవై. చక్కటి బరువు. మా వంశంలో ఎవరికీ ఢోకా లేదు” అన్నాడు టన్నుగారు.

“పంక్చరన్నా, నీ జాకీ ఒకటి ఇలా అందివ్వు” అంది ఆవిడ.

లారీ చక్రం కింద పెట్టి ఎత్తే ఇనప జాకీ అది. నాకే నడుం పట్టేస్తుంది. మోసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా చంకనెత్తుకుంది. మేమందరం బోర్డు వైపు చూశాం.

అరవై.

“అన్నయ్యా, నీ కాటా ప్రకారం ఈ జాకీకి బరువు లేదు” అంది చెల్లెమ్మ.

టన్నుగారు బోర్డుని అరచేత్తో చరిచాడు. బోర్డుకి చీమ కుట్టినట్టు కూడా లేదు.

“పంక్చరన్నా, టైరు విప్పే కడ్డీ ఇవ్వు.” ఇచ్చాను. చేతిలో పట్టుకుంది. అరవై. “ఇంకోటి.” అదీ ఇచ్చాను. మూరెడు కడ్డీ, మహా అయితే రెండు కొబ్బరికాయలంత బరువు. అది ఆవిడ చేతిలో పడీ పడగానే బోర్డు ఓసారి రెప్ప కొట్టి, ఎనభై చూపించింది.

బల్ల మీంచి డ్రైవరు లేచి నిలబడ్డాడు.

చెల్లెమ్మ ఆ రెండో కడ్డీని పలక అవతలికి విసిరింది. అరవై. “అందివ్వు.” అందించాను. ఎనభై. మళ్లీ విసిరింది. అరవై. మళ్లీ అందించాను. నాకు నవ్వాగడం లేదు. పెద్దమ్మ అయితే పొయ్యి మీద టీ పొంగిపోతున్నా చూడటం లేదు.

“ఇరవై ఇరవై కేజీలకి తప్ప మీ బోర్డు అంకె మార్చదు అన్నయ్యా. దానికి లారీల లెక్క. టన్నుల్లో చూసేదానికి కేజీలతో పనేంటి? నువ్వు ఇన్నేళ్లుగా ఆ కిటికీలో కూర్చుని ఎన్ని వేల చీటీలు కొట్టావు, ఒక్క దాని మీదైనా చివర ఏడో తొమ్మిదో చూశావా?”

“చూడలేదు... అంటే, నేను గుండ్రటి అంకెలే...” టన్నుగారి గొంతు మొదటిసారి కేజీల్లోకి దిగింది.

“మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చి ఉంటావు. అంత కాలం వంద అన్నది. ఓ పొద్దున్న తొంభై దాటి కిందికి దిగావు, ఎనభై అన్నది.” ఆవిడ ఆ మూరెడు కడ్డీని ఎత్తి కిటికీ వైపు చూపించింది. “రాత్రికి రాత్రి నువ్వు తగ్గిన ఇరవై కేజీలు ఇదీ. ఇంకా ఇంతకన్నా తక్కువే అయ్యుంటుంది.”

పెద్దమ్మ నవ్విన నవ్వుకి కాకులు లేచిపోయాయి. అది మాత్రం కోత కాదు.

డ్రైవరుకి నవ్వు రాలేదు. ఆయన చెల్లెమ్మ దగ్గరికి నడిచి, జాకీ ఆవిడ చంకలోంచి తీసుకుని కింద పెట్టాడు. “అయితే నేను...”

“తగ్గుతూనే ఉన్నారు. తగ్గిన సంగతి చెప్పే మిషను దగ్గరికి మాత్రం వెళ్లలేదు. పదండి.”

“గాలి!” కిటికీలోంచి కేక. “గాలి వీచిందమ్మా, గాలికి అంకెలు అలా ఊగుతుంటాయి! బావా, నా మాట విను, ఆ బుల్లి మిషన్లు నమ్మకు, అవి మనిషి మొహం చూసి మొహమాటానికి తక్కువ చెప్తాయి!”

ఆ మాట పూర్తయ్యేసరికి వాళ్లిద్దరూ రోడ్డు దాటేశారు. మందుల షాపు గుమ్మంలో ఆ మిషను మాకు కనబడుతూనే ఉంటుంది. డ్రైవరు చెప్పులు విప్పాడు. జేబులో తాళాలూ, ఫోనూ పెళ్లాం చేతిలో పెట్టాడు. నడుముకున్న బెల్టు కూడా తీసి ఇచ్చేశాడు. చెల్లెమ్మ గబుక్కున ప్యాంటు పట్టుకుంది, లేకపోతే ఏమయ్యేదో. ఎక్కాడు. వంగి చూశాడు. నమ్మకం లేక దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ వంగి చూశాడు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన బెల్టు ఇంకా చెల్లెమ్మ భుజం మీదే ఉంది. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రోడ్డు మధ్యలోనే అరిచాడు.

“తొంభై మూడు!”

“రేపు పొద్దున్నే డాక్టరు. ఆ తర్వాత నేరుగా ఓనరు దగ్గరికి” అంది చెల్లెమ్మ, మాకు చెప్తున్నట్టుగా మొగుడికి చెప్తూ. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. చూడనట్టు జాకీ తీసుకున్నాను.

ఇంకెవరైనా అయితే ఆ నిమిషంలో కిటికీ రెక్క మూసుకుని లోపల కూర్చునేవాళ్లు. మా టన్నుగారు ఆ జాతి కాదు. భుజాలదాకా మళ్లీ బయటికి వచ్చాడు, గడ్డం పైకి లేచింది, కళ్లు సగం మూసుకున్నాయి.

“చూశారా! ఇందాక వచ్చినప్పుడు వంద. నా కథ విన్నాడు. ఇప్పుడు తొంభై మూడు! కూర్చున్న చోట కూర్చున్నట్టే ఏడు కేజీలు! డాక్టర్ల వల్ల కానిది, వ్యాయామశాలల వల్ల కానిది, నా నోటి మాటతో! అదే నేను ఇంకో గంట చెప్పి ఉంటేనా, బావని బట్టల తీగకి...”

అప్పుడే కంకర లారీ ఒకటి వచ్చి పలక ముందు ఆగి, పొడుగ్గా హారన్ కొట్టింది. కొత్త డ్రైవరు, ఈ దారికి కొత్త. పలక పక్కన జాకీ, కడ్డీలు, జనం చూసి ఏదో మరమ్మతు జరుగుతోందనుకున్నట్టున్నాడు, తల బయటపెట్టి అడిగాడు.

“ఏం సార్, కాటా పనిచేస్తోందా?”

టన్నుగారు నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు బావగారే జవాబిచ్చాడు, రెండు చేతులా ప్యాంటు పైకి లాక్కుంటూ:

“లారీలకైతే పనిచేస్తోంది బాబూ!”